నక్షత్రాల భ్రమణం, అయస్కాంతత్వం, ఎక్స్ కిరణాలు

వేసవి రాత్రుల్లో ఈశాన్య దిక్కున తెల్లగా మెరిసే అభిజిత్తు, అంటే వేగా, మనకు 25 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దాని ఉపరితలం దాదాపు 9,500 డిగ్రీల వేడి. తన చుట్టూ తాను ఒక్క రోజులోపే తిరిగేస్తుంది. సింహరాశిలో ఏడీ లియోనిస్ అనే మరో నక్షత్రం ఉంది. దూరం 16 కాంతి సంవత్సరాలే అయినా ఉత్త కంటికి ఆనదు. అదొక ఎర్ర మరుగుజ్జు తార. ఉపరితల ఉష్ణోగ్రత 3,400 డిగ్రీల చుట్టుపక్కల. ఎక్స్ కిరణాలను పట్టే టెలిస్కోపుతో చూస్తే మాత్రం కథ తిరగబడుతుంది. వేగా ఉన్న చోట చీకటి, ఏడీ లియోనిస్ ఉన్న చోట వెలుగు.

నక్షత్రం ఎంత వేడిగా ఉంటే అన్ని ఎక్కువ ఎక్స్ కిరణాలు వస్తాయన్న ఊహకు ఈ రెండూ ఎదురు సాక్ష్యాలు. సూర్యుడి ఉపరితలం సుమారు 5,800 డిగ్రీలు. ఆ వేడికి కంటికి కనిపించే వెలుగు వస్తుంది తప్ప ఎక్స్ కిరణాలు రావు. వాటికి పది లక్షల డిగ్రీలకు పైబడిన ప్లాస్మా కావాలి. అలాంటి ప్లాస్మా ఉండేది తార చుట్టూ పలుచగా పరుచుకున్న బయటి పొరలో, అంటే కరోనాలో. కరోనాను వేడెక్కించేది అయస్కాంత క్షేత్రం. ఆ క్షేత్రాన్ని పుట్టించేవి రెండు: తార భ్రమణం, దాని లోపలి పొరల్లో ఎడతెగకుండా సాగే మరుగుడు. వేగాకు భ్రమణ వేగం ఉంది గానీ చెప్పుకోదగ్గ మరిగే పొర లేదు. ఏడీ లియోనిస్‌కు రెండూ ఉన్నాయి, అది 2.2 రోజులకో చుట్టు తిరుగుతుంది.

సూర్యుడి మొత్తం వెలుగులో ఎక్స్ కిరణాల వాటా పది లక్షల్లో ఒక వంతుకూ కోటిలో ఒక వంతుకూ మధ్య ఊగుతూ ఉంటుంది. ఏడీ లియోనిస్‌లో ఆ వాటా దాదాపు వెయ్యిలో ఒక వంతు. ఈ తేడాకు కారణాలు వెతికే శాఖ వయసు యాభై ఏళ్ల పైచిలుకే. దాని మూలాలు మాత్రం 19వ శతాబ్దపు సూర్యగ్రహణాల్లో ఉన్నాయి.

గ్రహణాల నుంచి రాకెట్ల దాకా

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ దక్కన్ పీఠభూమి మీదుగా సాగి మచిలీపట్నం దగ్గర సముద్రంలోకి దాటింది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జూల్ జాన్సన్, బ్రిటిష్ అధికారి జేమ్స్ టెనెంట్ బృందం గుంటూరులో మకాం వేశారు. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో, అదే వేధశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తిలో కాచుకున్నారు. ఆ ఏడు అందరి కళ్లూ సూర్యుడి అంచున ఎగసే ఎర్రని జ్వాలల మీదే ఉన్నాయి. వాటి వర్ణపటంలోని గీతలు ఎంత ప్రకాశవంతమో చూసిన జాన్సన్, మర్నాడు గ్రహణం లేకుండానే వాటిని మళ్లీ పట్టుకున్నాడు.

కరోనా సంగతి మరుసటి ఏడు బయటపడింది. 1869 ఆగస్టు 7న అమెరికాలో కనిపించిన గ్రహణంలో చార్లెస్ యంగ్, విలియం హార్క్‌నెస్ ఎవరికి వారుగా కరోనా వర్ణపటంలో ఒక ఆకుపచ్చ గీతను గమనించారు. భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ ఆ గీత సరిపోలేదు. దాంతో కొరోనియం అనే కొత్త మూలకాన్నే ఊహించుకుని, దాని కోసం దాదాపు డెబ్భై ఏళ్లు వెతికారు. చివరికి జర్మనీలో వాల్టర్ గ్రోట్రియన్, స్వీడన్‌లో బెంట్ ఎడ్లెన్ 1940 ప్రాంతంలో చిక్కు విప్పారు. ఆ గీత మామూలు ఇనుముదే. కాకపోతే 26 ఎలక్ట్రాన్లలో 13 ఊడిపోయిన ఇనుము. అన్ని ఎలక్ట్రాన్లు ఊడాలంటే ఇరవై లక్షల డిగ్రీల దాకా వేడి కావాలి. కొత్త మూలకం దొరకలేదు గానీ, అంతకన్నా పెద్ద చిక్కు వచ్చి పడింది. 5,800 డిగ్రీల ఉపరితలం పైన లక్షల డిగ్రీల వాతావరణం ఎలా నిలుస్తోంది? వేడి ఎప్పుడూ ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి పారుతుంది కదా! అంటే కరోనాకు శక్తి వేడి రూపంలో కాక వేరే దారిలో చేరుతోంది.

అంత వేడి ప్లాస్మా ఉంటే ఎక్స్ కిరణాలు రావాలి. భూమి వాతావరణం వాటిని కిందికి దిగనివ్వదు కాబట్టి పరికరాన్ని పైకి పంపాలి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల నుంచి స్వాధీనం చేసుకున్న వీ-2 రాకెట్లు అమెరికా శాస్త్రజ్ఞులకు ఆ అవకాశం ఇచ్చాయి. 1949లో హెర్బర్ట్ ఫ్రైడ్‌మన్ బృందం న్యూ మెక్సికో నుంచి పంపిన గైగర్ కౌంటర్లు సూర్యుడి ఎక్స్ కిరణాలను కొలిచాయి. ఆ తర్వాత 1973-74లో స్కైలాబ్ అంతరిక్ష కేంద్రం తీసిన ఎక్స్‌రే ఫొటోలు కరోనా అసలు రూపాన్ని చూపించాయి. అది సూర్యుడి చుట్టూ సమంగా పరుచుకున్న పొగమంచు కాదు. వేల, లక్షల కిలోమీటర్ల పొడవున లేచి మళ్లీ ఉపరితలంలోకే దిగే వంపుల గుంపు. ప్రతి వంపూ ఒక అయస్కాంత క్షేత్ర రేఖల కట్ట. సౌర మచ్చల సమూహాల పైన వంపులు కళ్లు మిరుమిట్లు గొలిపేలా ఉంటే, క్షేత్ర రేఖలు వెనక్కి దిగకుండా అంతరిక్షంలోకి తెరుచుకున్న చోట నల్లని ఖాళీలు కనిపించాయి. సౌర మచ్చల్లో దాదాపు 3,000 గాస్‌ల బలమైన క్షేత్రాలు ఉన్నాయని జార్జ్ ఎల్లరీ హేల్ మౌంట్ విల్సన్‌లో 1908లోనే కనిపెట్టాడు. స్కైలాబ్ చిత్రాలు ఆ మచ్చలకూ ఎక్స్ కిరణాలకూ ఉన్న చుట్టరికాన్ని కంటికి కట్టాయి.

మరి మిగతా తారల మాట? సూర్యుడంత కరోనా ఉన్న తారను పదుల కాంతి సంవత్సరాల అవతల పెడితే అప్పటి పరికరాలకు అది కనిపించదు. అందుకే మొదట చిక్కింది సూర్యుడి కన్నా వెయ్యి రెట్లకు పైగా ఎక్స్ కిరణాలు వెదజల్లే బ్రహ్మహృదయం, అంటే కపెల్లా. 1974లో ఒక రాకెట్ ప్రయోగంలో దాని సంకేతం దొరికింది. 43 కాంతి సంవత్సరాల దూరంలో ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే రెండు పెద్ద తారల జంట అది.

ఐన్‌స్టీన్ సర్వే తిరగరాసిన లెక్క

1978 నవంబరులో నాసా ఐన్‌స్టీన్ వేధశాలను కక్ష్యలోకి పంపింది. ఎక్స్ కిరణాలను కేంద్రీకరించి సుదూర వస్తువుల చిత్రాలు తీసిన మొదటి అంతరిక్ష టెలిస్కోపు అది. అప్పటికి చెలామణిలో ఉన్న సిద్ధాంతం ప్రకారం కరోనాను వేడెక్కించేవి ధ్వని తరంగాలు. తార లోపల వాయువు మరుగుతుంటే పుట్టే హోరు పైకి పాకి, పలుచని పొరల్లో వేడిగా మారుతుందని అనుకునేవారు. అదే నిజమైతే, ఒకే ద్రవ్యరాశి, ఒకే ఉపరితల ఉష్ణోగ్రత ఉన్న రెండు తారలు దాదాపు ఒకే స్థాయిలో ఎక్స్ కిరణాలు ఇవ్వాలి. మరుగుడు బలహీనంగా ఉండే చిన్న ఎర్ర తారలు అసలు కనిపించకూడదు.

ఇటాలియన్ శాస్త్రజ్ఞుడు జుసెప్పె వాయానా, ఆయన సహచరులు 1981లో ప్రచురించిన సర్వే ఈ రెండు అంచనాలనూ పడగొట్టింది. ఎర్ర మరుగుజ్జులు నిక్షేపంగా కనిపించాయి. ఒకే జాతి తారల్లోనే ఎక్స్ కిరణాల తీవ్రత వందల, వేల రెట్ల తేడాతో ఉంది. ద్రవ్యరాశి, ఉష్ణోగ్రత కాకుండా తారకూ తారకూ మారే మరో లక్షణం ఏదో దీన్ని నడిపిస్తోంది. అదే ఏడాది రాబర్టో పల్లావిచీనీ బృందం ఆ లక్షణం పేరు చెప్పింది. భ్రమణం. సూర్యుడి లాంటి, అంతకన్నా చల్లని తారల్లో ఎక్స్ కిరణాల తీవ్రత భ్రమణ వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతోంది. వేగం రెండింతలైతే ఎక్స్ కిరణాలు నాలుగింతలు. ఈ శాఖలో ఇంత సూటిగా తేలిన ఫలితాలు తక్కువ.

తార లోపలి డైనమో

భ్రమణం అయస్కాంతత్వంగా ఎలా మారుతుంది? సూర్యుడి వ్యాసార్ధంలో లోపలి 70 శాతం దాకా శక్తి కాంతి రూపంలోనే నెమ్మదిగా బయటికి వస్తుంది. మిగిలిన బయటి 30 శాతం, అంటే సుమారు రెండు లక్షల కిలోమీటర్ల మందాన, పొయ్యి మీద ఎసరు మరిగినట్టే. అడుగున కాగిన వాయువు పైకి లేస్తుంది, పైన చల్లబడి కిందికి దిగుతుంది. మంచి టెలిస్కోపులో సూర్యుడి ముఖం నిండా వెయ్యి కిలోమీటర్ల వెడల్పున కనిపించే గింజలు ఈ మరుగుడు పైకి తేలిన ఆనవాళ్లే. ఒక్కోటి పది నిమిషాల పాటు ఉండి చెదిరిపోతుంది.

ఈ వాయువు విద్యుత్ వాహకం. అలాంటి వాహకంలో అయస్కాంత రేఖలు దానితో పాటే కదులుతాయి. సూర్యుడు ఘన గోళంలా తిరగడు; మధ్యరేఖ దగ్గర చుట్టుకు 25 రోజులు, ధ్రువాల దగ్గర 35 రోజుల దాకా పడుతుంది. ఉత్తర దక్షిణాలుగా ఉన్న క్షేత్ర రేఖను ఈ వేగాల తేడా తూర్పు పడమరలుగా లాగి సూర్యుడి చుట్టూ చుట్టేస్తుంది. చుట్టు పెరిగే కొద్దీ క్షేత్రం బలపడుతుంది. మరోపక్క, పైకి లేచే వాయువును భ్రమణం మెలితిప్పుతుంది, మన తుపానుల సుడిని భూభ్రమణం నిర్ణయించే సూత్రమే ఇక్కడా. ఆ మెలికలో పడ్డ రేఖలు మళ్లీ ఉత్తర దక్షిణ దిశకు వంగుతాయి. డైనమో అని పిలిచే ఈ వలయం తిరుగుతున్నంత కాలం క్షేత్రం చావకుండా పుడుతూనే ఉంటుందని యూజీన్ పార్కర్ 1955లో గణితంతో చూపించాడు. వేగంగా తిరిగే తారలో సాగదీత ఎక్కువ, మెలిక ఎక్కువ, కాబట్టి క్షేత్రమూ ఎక్కువ.

బలపడ్డ క్షేత్రపు కట్టలు చుట్టూ ఉన్న వాయువు కన్నా తేలికై పైకి తేలతాయి, ఉపరితలాన్ని చీల్చుకుని వంపులుగా లేస్తాయి. వంపు కాళ్లు రెండూ మరుగుతున్న ఉపరితలంలోనే దిగబడి ఉంటాయి. ఆ మరుగుడు కాళ్లను అటూ ఇటూ నెడుతూ ఉంటే పైన రేఖలు చిక్కుపడతాయి. ఎదురెదురు దిశల రేఖలు ఒరుసుకున్నప్పుడు తెగి, కొత్త జతలుగా అతుక్కుంటాయి. ఆ క్షణాన క్షేత్రంలో పోగుపడ్డ శక్తి వేడిగా, వేగమైన కణాలుగా విడుదలవుతుంది. కణాలు వంపు వెంట కిందికి దూసుకెళ్లి దిగువ పొరను కాల్చేస్తే, అక్కడి వాయువు కాగి ఉబ్బి వంపును నింపుతుంది. ఇలా నిండిన ప్లాస్మాలో ఎలక్ట్రాన్లు అయాన్లను ఢీకొన్నప్పుడు ఎక్స్ కిరణాలు వస్తాయి. ఇనుము, ఆక్సిజన్, నియాన్ లాంటి మూలకాల అయాన్లు తమ తమ తరంగదైర్ఘ్యాల్లో గీతలు చిమ్ముతాయి. ఆ గీతల పోలికల నుంచే దూరపు తార కరోనా ఉష్ణోగ్రతనూ సాంద్రతనూ లెక్కగడతారు. తీవ్రత సాంద్రత వర్గంతో పెరుగుతుంది కనుక, కొద్ది చోట్ల దట్టంగా నిండిన వంపులే మొత్తం వెలుగులో పెద్ద వాటా ఇస్తాయి.

ప్రశాంతమైన సూర్యుడి కరోనా పది, ఇరవై లక్షల డిగ్రీల్లో ఉంటే, చురుకైన యువ తారల్లో అది కోటి డిగ్రీలకు చేరుతుంది.

వేగం, దాని హద్దు

పల్లావిచీనీ సూత్రం అన్ని తారలకూ ఒకేలా వర్తించలేదు. పది రోజులకో చుట్టు తిరిగే చిన్న ఎర్ర తార, అదే వేగంతో తిరిగే సూర్యుడి లాంటి తార కన్నా తన స్థాయికి మించి చురుగ్గా కనిపించేది. 1984లో రాబర్ట్ నోయిస్ బృందం దీనికి ఒక మార్గం చూపింది. భ్రమణ కాలాన్ని ఒంటరిగా చూడకుండా, లోపలి వాయువు ఒక విడత పైకి లేచి దిగడానికి పట్టే కాలంతో భాగించాలి. వచ్చేదే రాస్‌బీ సంఖ్య. సూర్యుడికి ఇది 2కు దగ్గరగా ఉంటుంది. చిన్న తారల్లో మరుగుడు మందకొడి, ఒక విడతకు పదుల రోజులు పడుతుంది. అందువల్ల నెమ్మదిగా తిరిగినా వాటి రాస్‌బీ సంఖ్య చిన్నదే. ఇలా లెక్క మార్చగానే చెల్లాచెదురుగా ఉన్న తారలన్నీ ఒకే గీత మీదికి వచ్చాయి.

ఆ గీత కూడా ఒక చోట ఆగిపోతుంది. రాస్‌బీ సంఖ్య 0.13 చుట్టుపక్కలకు దిగేసరికి, ఎక్స్ కిరణాలు తార మొత్తం వెలుగులో వెయ్యిలో ఒక వంతుకు చేరి అక్కడే నిలిచిపోతాయి. ఇంకెంత వేగంగా తిరిగినా పెరగవు. దీన్ని సంతృప్త స్థితి అంటారు. 2011లో నికొలస్ రైట్ బృందం 824 తారల కొలతలు కలిపి గీసిన పటంలో ఈ మలుపు స్పష్టంగా కనిపిస్తుంది. సూర్యుడి లాంటి తారకు సుమారు రెండు రోజుల భ్రమణం దగ్గరే ఈ హద్దు వస్తుంది. దక్షిణాకాశంలో ఏబీ డొరాడస్ అనే తార 12 గంటల చిల్లరలోనే ఒక చుట్టు ముగిస్తుంది. అది ఎప్పుడో హద్దు చేరిపోయింది.

ఎందుకు ఆగుతుంది? తార ముఖమంతా చురుకైన వంపులతో నిండిపోయి ఇక ఖాళీ లేదన్నది ఒక వివరణ. డైనమోయే తన క్షేత్రపు బలానికి తాను కట్టుబడి ఆగిపోతుందన్నది మరొకటి. నలభై ఏళ్లుగా రెండు వాదాలూ పక్కపక్కనే నడుస్తున్నాయి. ఇది కాస్త ఇబ్బందికరమైన విషయమే: నియమం ఇంత చక్కగా కుదిరాక కూడా కారణం తేలకపోవడం.

కృత్తికలు, రోహిణి, సూర్యుడు

తారలు పుట్టుకతో వేగంగా తిరుగుతాయి, వయసుతో నెమ్మదిస్తాయి. కారణం మళ్లీ అయస్కాంత క్షేత్రమే. సూర్యుడి నుంచి సెకనుకు పది లక్షల టన్నులకు పైగా ప్లాస్మా సౌర పవనంగా బయటికి పోతోంది. తూకంలో అది చాలా తక్కువ. కానీ క్షేత్ర రేఖలు ఆ పవనాన్ని ఎంతో దూరం దాకా తమతో తిప్పుతూ తీసుకెళ్లి వదులుతాయి. అంత దూరాన వదిలిన ప్రతి కణమూ తార కోణీయ ద్రవ్యవేగంలో పెద్ద ముక్కను పట్టుకుపోతుంది. ఎవ్రీ షాట్జ్‌మన్ 1962లో ఈ ఊహను ముందుకు తెచ్చాడు. పదేళ్లకు, 1972లో, ఆండ్రూ స్కుమానిచ్ కృత్తికలు, రోహిణి ప్రాంతంలోని హైడీస్ గుంపు, సూర్యుడు అనే మూడు మెట్లను పక్కపక్కన పెట్టి చూశాడు. కృత్తికల వయసు సుమారు 12 కోట్ల ఏళ్లు, హైడీస్‌ది 65 కోట్ల చిల్లర, సూర్యుడిది 460 కోట్లు. వయసు నాలుగింతలైతే వేగం సగమవుతోంది. రోహిణి నక్షత్రం మాత్రం హైడీస్‌లోది కాదు. 65 కాంతి సంవత్సరాల దూరంలో ఉండి, 150 కాంతి సంవత్సరాల దూరంలోని ఆ గుంపుకు అడ్డంగా కనిపిస్తుందంతే.

ఎక్స్ కిరణాలు కూడా అదే వరుసలో తగ్గుతాయి. కృత్తికల్లోని తారలు హైడీస్ తారల కన్నా ప్రకాశవంతం, హైడీస్ తారలు సూర్యుడి కన్నా. సూర్యుడి చిన్నతనం ఎలా ఉండేదో చూడాలంటే ఈకే డ్రకోనిస్ వైపు తిరగాలి. ద్రవ్యరాశిలో సూర్యుడికి జోడు, వయసు మాత్రం పది కోట్ల ఏళ్ల చుట్టుపక్కల, 2.7 రోజులకో చుట్టు తిరుగుతుంది. సూర్యుడి కన్నా వందల రెట్లు ఎక్స్ కిరణాలు వెదజల్లుతుంది. భూమికి సముద్రాలు అమరుతున్న కాలంలో మన సూర్యుడూ అంతే కోపిష్టి. అంతకన్నా పసి తారలను ఓరియన్ నెబ్యులాలో చూడవచ్చు. 2003 జనవరిలో చంద్రా వేధశాల రెండు వారాల వ్యవధిలో దాదాపు పది రోజుల పాటు అటే చూసి, 1,600కు పైగా ఎక్స్‌రే బిందువులను నమోదు చేసింది. వాటిలో అత్యధికం పసి తారలే.

ఈ కథలో హైదరాబాదుకు ఒక పాత్ర ఉంది. నిజామియా వేధశాలలో పనిచేసే తండ్రి దగ్గర పెరిగి, నిజాం కాలేజీలో చదివిన వేణు బాపు, 1957లో ఓలిన్ విల్సన్‌తో కలిసి తారల కాల్షియం గీతల వెడల్పుకూ వాటి అసలు ప్రకాశానికీ ఉన్న సంబంధాన్ని ప్రకటించారు. విల్సన్-బాపు ప్రభావం అన్న పేరుతో అది పాఠ్యపుస్తకాల్లోకెక్కింది. కాల్షియం గీతల నడిమి మెరుపు కరోనాకు కింది పొర అయిన క్రోమోస్ఫియర్ నుంచి వస్తుంది. అయస్కాంత చురుకుదనానికి అదే నేల మీది నుంచి దొరికే కొలమానం. విల్సన్ 1966 నుంచి మౌంట్ విల్సన్‌లో పదుల తారల కాల్షియం గీతలను ఏళ్ల తరబడి కొలిచి, సూర్యుడి 11 ఏళ్ల చక్రం లాంటివి ఇతర తారలకూ ఉన్నాయని చూపించాడు. ఎక్స్ కిరణాల్లో అలాంటి చక్రాలు ఆలస్యంగా దొరికాయి. 11.4 కాంతి సంవత్సరాల దూరంలోని 61 సిగ్ని జంటలో పెద్దదానికి సుమారు ఏడేళ్ల ఎక్స్‌రే చక్రం ఉన్నట్టు ఎక్స్ఎంఎం-న్యూటన్ వేధశాల తేల్చింది.

జంట తారల సాక్ష్యం

వేగాలాంటి తెల్లని తారలకు కరోనా లేదన్న మాటను నేరుగా పరీక్షించే అవకాశం ఉత్తర కిరీట మండలంలో దొరికింది. అక్కడి ఆల్ఫా తార నిజానికి ఒక జంట. ఒకటి వేగాలాంటి వేడి తెల్లని తార, రెండోది సూర్యుడి లాంటి పచ్చని చిన్న తార. 17.36 రోజులకోసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ మనకు ఎదురుగా ఒకదాన్నొకటి కప్పుకుంటాయి. చిన్నది పెద్దదాని వెనక్కి పోయినప్పుడు కంటికి కనిపించే వెలుగు పెద్దగా తగ్గదు. జర్మన్ ఉపగ్రహం రోసాట్ ఆ సమయంలో చూసినప్పుడు ఎక్స్ కిరణాలు మాత్రం పూర్తిగా ఆరిపోయాయి. చిన్న తార బయటికి రాగానే తిరిగి వెలిగాయి. తెల్లని తార వాటా సున్నా అన్నమాట. అంతేకాదు, అంచు కప్పుకుంటున్న కొద్దీ వెలుగు తగ్గిన తీరును బట్టి యూర్గెన్ ష్మిట్, మార్టిన్ క్యూర్‌స్టర్ 1993లో ఆ చిన్న తార కరోనా ఎక్కడెక్కడ గుమిగూడి ఉందో పటం గీశారు. ఏ టెలిస్కోపుకూ చుక్కగా తప్ప కనిపించని తార ముఖచిత్రం అది.

అల్గోల్ కథ ఇంకా రంజుగా ఉంటుంది. 2.87 రోజుల కాలంతో తిరిగే ఆ జంటలో ఒకటి వేడి తార, రెండోది ఉబ్బిన చల్లని తార. దగ్గరగా ఉండటం వల్ల పరస్పర ఆకర్షణ చల్లని తారను కక్ష్యా కాలంతో ముడివేసింది; ముసలితనంలోనూ అది 2.87 రోజులకో చుట్టు తిరగక తప్పదు. ఎక్స్ కిరణాలన్నీ దానివే. 1997 ఆగస్టు చివర బెప్పోసాక్స్ ఉపగ్రహం అటు చూస్తుండగా పెద్ద జ్వాల ఎగిసింది, ప్లాస్మా 10 కోట్ల డిగ్రీలు దాటింది. జ్వాల ఇంకా మండుతుండగానే వేడి తార అడ్డొచ్చి దాన్ని కప్పేసింది. కప్పిన సమయం, విడిచిన సమయం చూసి జ్వాల చల్లని తార దక్షిణ ధ్రువం దగ్గర లేచిందని గుర్తించారు. సూర్యుడిపై జ్వాలలు ధ్రువాల దగ్గర రావు. వేగంగా తిరిగే తారల్లో చురుకు ప్రాంతాలు ధ్రువాల వైపు జరుగుతాయన్న వాదానికి ఇది గట్టి ఆధారం.

మినహాయింపులకు వస్తే, శ్రవణా నక్షత్రం, అంటే ఆల్టేర్, వేగా కన్నా కొంచెం చల్లనిది. పలుచని మరిగే పొర ఉన్నందున బలహీనమైన ఎక్స్ కిరణాలు ఇస్తుంది. ఉబ్బి చల్లబడిన స్వాతి నక్షత్రం నుంచి చంద్రా పట్టింది అతి సన్నని సంకేతం మాత్రమే. మరో కొసన, అతి భారీ నీలి తారలు దండిగానే ఎక్స్ కిరణాలు ఇస్తాయి గానీ అవి కరోనావి కావు. వాటి ఉధృతమైన పవనాల్లో పొరలు ఢీకొన్నప్పుడు పుట్టేవి. ఓరియన్ నెబ్యులాను వెలిగించే తీటా-1 ఓరియనిస్ సి తారలో దాదాపు 1,100 గాస్‌ల క్షేత్రం ఆ పవనాన్ని రెండు వైపుల నుంచీ మధ్యరేఖ దగ్గరికి తోలి ఢీకొట్టిస్తుంది. అక్కడ క్షేత్రం పని దారి చూపడం వరకే.

తేలని లెక్కలు

డైనమో సిద్ధాంతానికి పెద్ద కుదుపు 2016లో వచ్చింది. మరిగే బయటి పొరకూ నిలకడైన లోపలి భాగానికీ మధ్యనున్న పలుచని సరిహద్దులోనే సూర్యుడి క్షేత్రం బలపడుతుందని అంతకు ముందు చాలామంది నమ్మేవారు. ద్రవ్యరాశి సూర్యుడిలో మూడో వంతుకు తగ్గిన తారలు కేంద్రం దాకా మరుగుతూనే ఉంటాయి. వాటికి ఆ సరిహద్దే లేదు. అలాంటి నాలుగు నెమ్మది తారలను రైట్, జెరెమీ డ్రేక్ పరిశీలిస్తే, అవి సూర్యుడి లాంటి తారల గీత మీదే వచ్చి కూర్చున్నాయి. సరిహద్దు ప్రాముఖ్యాన్ని మరీ పెంచి చెప్పుకున్నట్టుంది.

కరోనాను వేడెక్కించే అసలు ప్రక్రియ పైనా తగవు తీరలేదు. హానెస్ ఆల్ఫ్వేన్ 1942లో ఊహించిన అయస్కాంత తరంగాలు శక్తిని మోస్తున్నాయన్నది ఒక పక్షం. లెక్కలేనన్ని అతి చిన్న జ్వాలలు కలిసి ఆ పని చేస్తున్నాయన్నది పార్కర్ 1988లో నిలబెట్టిన రెండో పక్షం. ఈ తగవులో చంద్రయాన్-2 కూడా సాక్షి. దాని మీదున్న సౌర ఎక్స్‌రే మానిటర్, అహ్మదాబాదు భౌతిక పరిశోధనాలయం తయారీ, 2019-20లో సూర్యుడు మచ్చలు లేకుండా నిద్రపోతున్నప్పుడు ప్రశాంత ప్రాంతాల్లోనే 98 సూక్ష్మ జ్వాలలను లెక్కపెట్టింది. అవి కరోనాకంతా సరిపోయే శక్తినివ్వవు గానీ, మచ్చలు లేని చోటా జ్వాలలు లేస్తాయని రుజువు చేశాయి. మరో విషయం: 2003లో అలెక్సీ పెవ్‌ట్సోవ్ బృందం, ప్రశాంత సూర్యుడి చిన్న ముక్క నుంచి యువ తారల దాకా, అయస్కాంత క్షేత్రం మొత్తానికీ ఎక్స్ కిరణాలకూ దాదాపు సరళ సంబంధం ఉందని చూపింది. ప్రక్రియ ఏదైనా అన్ని చోట్లా అదొక్కటేనని ఈ ఫలితం సూచిస్తుంది.

గ్రహాలను వెతికేవారికి ఇదంతా పక్కన పెట్టే విషయం కాదు. మనకు అతి దగ్గరి తార ప్రాక్సిమా సెంటారి 4.24 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. వ్యాసంలో సూర్యుడికి ఏడో వంతే. చుట్టుకు 80 రోజులకు పైనే తీసుకుంటుంది. అయినా సూర్యుడంత ఎక్స్ కిరణాలు ఇస్తుంది. 2016లో దాని చుట్టూ కనుగొన్న ప్రాక్సిమా-బి గ్రహం 11.2 రోజుల కక్ష్యలో తారను ఆనుకుని తిరుగుతుంది కాబట్టి, భూమి మీద పడే ఎక్స్ కిరణాలకు వందల రెట్లు దాని మీద పడతాయి. పై వాతావరణాన్ని కాచి అంతరిక్షంలోకి ఎగరగొట్టడానికి ఆ తీవ్రత చాలు. శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబరు 28న వెళ్లిన ఆస్ట్రోశాట్, 2017లో చంద్రా, హబుల్‌తో ఒకే సమయంలో ఈ తారను గమనించింది.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచే బయల్దేరిన ఆదిత్య-ఎల్1, 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని కక్ష్యలో కుదురుకుంది. దానిలోని సోలెక్స్, హెలియోస్ పరికరాలు సూర్యుడి ఫొటోలు తీయవు; దూరపు తారను చూసినట్టే మొత్తం సూర్యుణ్ని ఒక బిందువుగా తీసుకుని ఎక్స్ కిరణాలను రాత్రింబవళ్లు కొలుస్తాయి. మిగతా తారలతో పోల్చడానికి సరిగ్గా కావలసింది అలాంటి కొలతలే. ఇస్రో వారి ప్రదాన్ వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకుంటే ఆ కొలతలను ఎవరైనా దించుకోవచ్చు. భౌతికశాస్త్రం చదివే కాలేజీ విద్యార్థులు ఒక జ్వాల పెరిగి తగ్గిన తీరును తామే గీసి చూడవచ్చు.